రచయిత్రుల ప్రయోగాలు – మన పఠనం

పరిశోధనలో ప్రవేశం కోరి మౌఖిక పరీక్షకు వెళ్లిన రోజు నాకు ఇప్పటికీ బాగా జ్ఞాపకం. అవి 1990ల తొలి సంవత్సరాలు. ఏ విషయాన్ని ఎన్నుకొన్నావని అడిగారు. "తెలుగు రచయిత్రుల ప్రయోగాత్మక రచనలు" అని చెప్పాను. పరీక్షకులలో వయసులో పెద్దవారైన ఒక ఆచార్యులు చిరునవ్వు నవ్వి, "రచయిత్రుల కథలలో సమస్యలుంటాయి తల్లీ! ప్రయోగాలెక్కడివి? సమస్యల మీద చెయ్యి, త్వరగా పూర్తవుతుంది" అన్నారు. ఆ మాటలో వెటకారం లేదు. నా మేలు కోరే అన్నారు. అందువల్లనే అది నన్ను ఎక్కువగా బాధించింది. వెటకారమైతే ఎదురు చెప్పి ఉండేదాన్ని. ఆప్యాయతకు ఏమని ఎదురు చెప్పగలం?

ఆ తరువాత ముప్పై యేళ్లకు పైగా ఈ విషయాన్నే చదివాను, ఈ విషయాన్నే పాఠంగా చెప్పాను. ఇన్నేళ్ల తరువాత కూడా ఆ ప్రశ్న పూర్తిగా తొలగిపోలేదు. అది ఆ ఒక్క పెద్దమనిషి ప్రశ్న కాదు, మన అందరి చదువరితనంలో పాతుకొనిపోయిన అలవాటు. పురుషుడు రాసిన కథను చేతికి తీసుకొన్నప్పుడు శిల్పం ఎలా ఉందని చూస్తాము. స్త్రీ రాసిన కథను చేతికి తీసుకొన్నప్పుడు ఏ సమస్య ఉందని చూస్తాము. ఒకరికి కళ, మరొకరికి కష్టం అని మనమే పంచిపెట్టినట్లుగా ఉంటుంది ఈ వ్యవహారం. ఈ పంపకం సరైనది కాదని, దానివల్ల రచయిత్రుల కంటె పాఠకులమైన మనమే ఎక్కువగా నష్టపోతున్నామని నా అభిప్రాయం.

ముందుగా ప్రయోగం అనే మాటను గురించి కొంత చెప్పుకోవాలి. అర్థం కాకుండా రాయడమే ప్రయోగమని చాలామంది విద్యార్థులు అనుకొంటారు. కొందరు రచయితలు కూడా అలాగే అనుకొంటారు, అది వేరే సంగతి. ఉన్న మూసలో తన మాట ఇమడనప్పుడు ఆ మూసను వంచడమో, పగలగొట్టడమో, మరొక చోటి నుంచి కొత్త మూసను తెచ్చుకోవడమో చేసే పనిని ప్రయోగం అనవచ్చు. సాహిత్యంలోని మూసలలో ఎక్కువ భాగం పురుషుల అనుభవానికి, పురుషుల చదువుకు తగినట్లుగా తయారైనవి. ఆ మూసలలో తన మాటను పోయబోయిన స్త్రీకి అది పట్టలేదు. కాబట్టి ఆమెకు ప్రయోగం చాలాసార్లు సరదా కాదు, అవసరం.

ఇది ఈనాటి మాట కాదు. 15వ శతాబ్దికి చెందిన తాళ్లపాక తిమ్మక్క తన 'సుభద్రాకల్యాణా'నికి వృత్తపద్యాలను కాక, పాడుకోవడానికి అనువైన మంజరీ ద్విపదను ఎన్నుకొంది. 17వ శతాబ్దిలో తంజావూరు విజయరాఘవ నాయకుని ఆస్థానంలో ఉన్న రంగాజమ్మ మన్నారుదాసుని కథను ప్రబంధంగాను, యక్షగానంగాను రచించింది. ఒకే కథ చదువుకొనే రూపంలో ఏమవుతుంది, రంగస్థలం మీద ఏమవుతుంది అని చూచుకొన్న కవయిత్రి ఆమె. మన సాహిత్య చరిత్ర గ్రంథాలు చాలావరకు ఈ విషయాన్ని ఒక వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోతాయి.

ముద్దుపళని విషయంలో మాత్రం ఆగి చూడవలసినది ఎంతో ఉంది. ఆమె 18వ శతాబ్దిలో తంజావూరును ఏలిన మరాఠా ప్రభువు ప్రతాపసింహుని కాలంనాటి విదుషి. సప్తపదం అనే ఏడు పాదాల రచనారూపంలో కూడా ఆమె ప్రయత్నాలు చేసింది. ఆమె ప్రసిద్ధ కావ్యం 'రాధికా సాంత్వనము'. తాను పెంచి పెద్దచేసిన ఇళను కృష్ణునికిచ్చి పెళ్లి చేసిన రాధ, ఆ తరువాత పడే వేదన, ఆమె అలుక, కృష్ణుడు ఆమెను ఊరడించడం ఇందులోని కథ. శృంగార కావ్యాలు తెలుగులో కొల్లలు. అయితే ఇక్కడ ఇష్టాయిష్టాలు చెప్పేది స్త్రీ, సంజాయిషీ చెప్పుకోవలసినవాడు నాయకుడు. చూపు తిరగబడింది. అవతారికను కూడా గమనించండి. కవి తన తండ్రి తాతలను కీర్తించడం కావ్యావతారికలలో ఆచారం. ముద్దుపళని తన ఇంటి ఆడవారి పరంపరను గౌరవంతో చెప్పుకొంది. అదే అవతారిక, అదే పద్ధతి, కాని అందులో కూర్చున్నవారు మారారు.

ఈ కావ్యం మన చేతికి ఎలా వచ్చిందనేది మరొక కథ. బెంగుళూరు నాగరత్నమ్మ సంగీత విద్వాంసురాలు. తంజావూరు సాహిత్యాన్ని గురించిన ఒక గ్రంథంలో ఈ కావ్యం ప్రశంసను చదివి, ప్రతి కోసం వెదికింది. అంతకు ముందు 1887లో వెలువడిన ముద్రణ ఒకటి దొరికింది. చదివిన తరువాత ఆమెకు అనుమానం కలిగింది. వ్రాతప్రతిని సంపాదించి పోల్చి చూస్తే, అచ్చుప్రతిలో కొన్ని భాగాలు లోపించినట్లు తేలింది. ఆమె పూర్తి పాఠాన్ని సిద్ధం చేసి 1910లో వావిళ్ల వారి ద్వారా ప్రకటించింది. విశ్వవిద్యాలయంలో చదవలేదు, పట్టా లేదు, పర్యవేక్షకుడు లేడు. కాని చేతికి వచ్చిన ప్రతి అసంపూర్ణమని అనుమానించడం, మూలాన్ని వెదకడం, రెంటినీ పక్కపక్కన ఉంచి చూడడం – పరిశోధన అంటే ఇదే. రచయిత్రుల రచనలపై తెలుగులో పరిశోధన చేసినవారిలో మొదట తలచుకోవలసిన పేరు ఆమెదే అని నేను తరగతిలో చెబుతుంటాను.

'ఆంధ్ర కవుల చరిత్ర'లో కందుకూరి వీరేశలింగం పంతులు ఈ కావ్యాన్ని తీవ్రంగా నిందించారు. స్త్రీ నోట రాదగని మాటలున్నాయని వారి ఆక్షేపణ. సిగ్గు అనేది స్త్రీలకే ఉండవలసినదా, ఇంతకు మించిన శృంగారం ఉన్న పురుషుల కావ్యాలను వారు ఎలా మెచ్చుకొన్నారని నాగరత్నమ్మ తన పీఠికలో నిలదీసింది. ఆ ప్రశ్నకు జవాబు రాలేదు, నిషేధం వచ్చింది. కావ్యం అశ్లీలమని తేల్చి ఆంగ్ల ప్రభుత్వం ప్రతులను స్వాధీనం చేసుకొంది. టంగుటూరి ప్రకాశం పంతులు చొరవతో 1947లో నిషేధం తొలగింది. 1952లో వావిళ్ల వారు తిరిగి ముద్రించారు. నాగరత్నమ్మ మరణించినది ఆ సంవత్సరమే.

ఇక్కడ ఒక మాట. 1881లో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహాన్ని జరిపించినవారు, స్త్రీల చదువు కోసం బ్రతుకంతా పోరాడినవారు వీరేశలింగం పంతులే. భండారు అచ్చమాంబ రచించిన 'అబలా సచ్చరిత్ర రత్నమాల'ను తమ 'చింతామణి' పత్రికలో ప్రకటించినవారు కూడా వారే. అంతటి సంస్కర్త ముద్దుపళని దగ్గరకు వచ్చేసరికి ఎందుకు అలా మాట్లాడారు? స్త్రీ చదువుకోవాలని కోరుకోవడం వేరు, చదువుకొన్న స్త్రీ తనకు తోచిన రూపంలో, తనకు తోచిన స్వరంతో రాస్తే సహించడం వేరు. మొదటిది చేసినవారందరూ రెండవది చేయలేకపోయారు. దీనిని పంతులుగారి మీద నిందగా చెప్పడం లేదు. మౌఖిక పరీక్షలో నన్ను 'తల్లీ' అని పిలిచిన ఆచార్యులు కూడా ఇటువంటివారే అని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

అచ్చమాంబ పేరు వచ్చింది కాబట్టి ఆమెను గురించి కూడా చెప్పాలి. తొలి తెలుగు కథానిక 1910లో వచ్చిన గురజాడ అప్పారావు 'దిద్దుబాటు' అని చాలాకాలం పాఠ్యపుస్తకాలు చెప్పాయి. అచ్చమాంబ రాసిన 'ధనత్రయోదశి' 1902లోనే 'హిందూ సుందరి' పత్రికలో వచ్చింది. పరుల సొమ్ముతో పండుగ చేసుకోరాదని భర్తను వారించిన పేద ఇల్లాలి కథ అది. పరిశోధకులు పాత పత్రికలను తిరగవేసి ఈ విషయాన్ని వెలుగులోకి తెచ్చిన తరువాత, ఏది మొదటిదనే వాదం మొదలైంది, ఇంకా పూర్తి కాలేదు. నాకు ఆ వాదం మీద అంత ఆసక్తి లేదు. పరుగుపందెంలో మొదట వచ్చినవారికి పతకం ఇచ్చినట్లు సాహిత్యంలో ఇవ్వలేము. నాకు ఆసక్తి కలిగించే ప్రశ్న వేరే ఉంది. ఆమె రచనలు అచ్చులోనే ఉన్నా, అన్నేళ్లు వాటిని కథలుగా ఎందుకు గుర్తించలేదు? 'స్త్రీవిద్య' అనే రచనలో ఆమె చదువును గురించి భార్యాభర్తల మధ్య సంభాషణను నడిపించింది. కథకుడు ముందుకు వచ్చి వర్ణించే పద్ధతిని వదలివేసింది. ఇటువంటి రచనలను చూచినవారు నీతిబోధ అనుకొన్నారు, సంభాషణ అనుకొన్నారు. కథ అంటే ఇలా ఉండాలని ముందే ఒక కొలబద్ద చేతిలో ఉన్నప్పుడు, ఆ కొలతకు లొంగనిది కళ్ల ముందున్నా కనిపించదు. 1874లో పుట్టి 1905లోనే కన్నుమూసిన ఆ యువతి ఎన్ని రూపాలు ప్రయత్నించిందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

ఈ అలవాటు తెలుగువారికే పరిమితం కాదు. చైతన్య స్రవంతి అనే కథనరీతిని మీరు నవలా సాహిత్యపాఠంలో విని ఉంటారు. దానిని చెప్పేటప్పుడు మన ఉపాధ్యాయులు జేమ్స్ జాయిస్ పేరు చెబుతారు. జాయిస్ 'యులిసీస్' పుస్తకంగా వచ్చినది 1922లో. అంతకు ముందే, 1915లో, ఇంగ్లండుకు చెందిన డొరొతీ రిచర్డ్‌సన్ తన సుదీర్ఘ నవల 'పిల్‌గ్రిమేజ్' తొలి సంపుటాన్ని ప్రకటించింది. ఒక యువతి మనసులో మెదిలే ఆలోచనలను వెంబడించే నవల అది. మనస్తత్వశాస్త్రంలో అప్పటికే ఉన్న చైతన్య స్రవంతి అనే మాటను 1918లో ఆ నవలను సమీక్షిస్తూ సాహిత్యానికి తెచ్చి వాడినది మరొక రచయిత్రి, మే సింక్లేర్. పేరు పెట్టినది స్త్రీ, పేరు పెట్టించుకొన్న నవల స్త్రీది. మన పాఠాలలో మిగిలిన పేరు మాత్రం వేరొకరిది. జాయిస్ గొప్పతనాన్ని ఇది ఏమీ తగ్గించదు. కాని ఆ కథనరీతి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేటప్పుడు ఒక మెట్టును దాటవేసి చెబుతున్నామన్నది నిజం. స్త్రీ నవల రాయాలంటే కొంత ఆదాయం, తలుపు వేసుకోగల ఒక గది ఉండాలని వర్జీనియా ఉల్ఫ్ 1929లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసం కూడా, కేంబ్రిడ్జిలోని రెండు మహిళా కళాశాలలలో 1928లో ఆమె ఇచ్చిన ఉపన్యాసాల నుంచి పుట్టినదే. ఆ వ్యాసంలో కూడా ఆమె తర్కాన్ని కథలో కలిపి నడిపింది. మనం మాత్రం గదిని, డబ్బును జ్ఞాపకం పెట్టుకొని, ఆ నడకను మరచిపోయాము.

ఇక నేను పాఠం చెప్పే గదిలోకి వస్తాను. పి. సత్యవతి రాసిన 'ఇల్లలకగానే...' అనే కథను నేను ఎన్నోసార్లు బోధించాను. ఇల్లు అలకడంలో మునిగిపోయిన ఒక గృహిణి ఒకనాడు తన పేరును మరచిపోతుంది. ఎవరిని అడిగినా, ఆమెకు వారితో ఉన్న వరుసనే తప్ప పేరు చెప్పరు. చివరకు పుట్టింటికి వెళ్లి, తన చిన్ననాటి స్నేహితురాలి నోట తన పేరును తిరిగి వింటుంది. పరీక్షలలో ఈ కథ మీద వచ్చే ప్రశ్న ఇంచుమించు ఎప్పుడూ ఒకటే: కథలోని సందేశాన్ని వివరించండి. విద్యార్థుల జవాబు కూడా ఇంచుమించు ఒకటే: గృహిణికి కూడా వ్యక్తిత్వం ఉందని రచయిత్రి చెప్పారు. నేను కూడా అటువంటి జవాబులకు ఎన్నో యేళ్లు నిండుగా మార్కులు వేశాను.

ఒక సంవత్సరం, వెనుక బల్ల మీద కూర్చొనే ఒక అమ్మాయి లేచి, "మేడమ్, స్నేహితురాలు పిలిచేదాకా మనకు కూడా ఆమె పేరు తెలియదు కదా?" అని అడిగింది. తరగతి నిశ్శబ్దమైపోయింది. అందరూ పుస్తకాలు తిరగవేయసాగారు. ఆ ప్రశ్న నాకు అంతవరకు తట్టలేదని ఒప్పుకోవడానికి నేనేమీ సిగ్గుపడను. కథలోని భర్త, పిల్లలు, ఇరుగు పొరుగువారు ఆమెను పేరు లేకుండా పిలుస్తున్నారని మనం వారి మీద కోపం తెచ్చుకొంటూ ఉంటాము. కాని అన్ని పుటలు చదివినా ఈమె పేరేమిటని మనం కూడా అడగలేదు. ఆ ఇంటివారు చేసిన పనినే పాఠకుడి చేత చేయించింది రచయిత్రి. ఇది సందేశంలో లేదు, కథ చెప్పిన తీరులో ఉంది. సందేశాన్ని ఒక వాక్యంలో కుదించవచ్చు. దీనిని కుదించలేము, కథను చదివే అనుభవించాలి.

అప్పటి నుంచి నేను ఈ కథకు ఒక అభ్యాసం ఇస్తున్నాను. తొలి వాక్యంలోనే ఆమె పేరు చెప్పి, మిగిలిన కథను ఉన్నదున్నట్లుగా తిరిగి చెప్పమంటాను. సంఘటన ఒక్కటీ మారదు, సందేశమూ మారదు. కాని కథ చచ్చిపోతుంది. అది ఎందుకు చచ్చిపోయిందో పిల్లలే చెబుతారు. ఆ తరువాత శీర్షిక దగ్గరకు వస్తాము. 'ఇల్లలకగానే పండుగ కాదు' అనేది మన సామెత. రచయిత్రి అందులో సగమే రాసి విడిచిపెట్టింది. మిగిలిన సగం ప్రతి తెలుగువాడి నాలుక మీద ఉంటుందని ఆమెకు తెలుసు. శీర్షికను పూర్తి చేసేది పాఠకుడు. ఇంత చిన్న కథలో ఇంత పని జరిగినప్పుడు, దీనిని సమస్యా కథ అని పేరు పెట్టి పక్కన ఉంచడం న్యాయమా?

ఓల్గా 'రాజకీయ కథలు' సంపుటిలో స్త్రీ శరీరభాగాలు, అలంకారాలు – కళ్లు, ముక్కుపుడక, జడ – ఒక్కొక్కటి ఒక్కొక్క కథకు ఇరుసుగా నిలుస్తాయి. పుస్తకం కట్టుబాటే ఒక వాదం. అబ్బూరి ఛాయాదేవి 'బోన్‌సాయ్ బ్రతుకు'ను కూడా మనం కుండీలోని మొక్క స్త్రీకి ప్రతీక అని ఒక ముక్కలో తేల్చివేస్తాము. ఆ పోలికను అక్కాచెల్లెళ్ల మాటలలో ఎంత మెల్లగా, ఎంత మామూలుగా రానిచ్చిందో గమనించము. ఈ రెండు రచనలను గురించి విడిగా ఒక వ్యాసమే రాయవచ్చు కాబట్టి ఇక్కడ వదలివేస్తున్నాను.

నా అభిప్రాయాన్ని అంగీకరించనివారు ఉన్నారు. వారిలో అందరికంటె గట్టిగా వాదించినది నా స్నేహితురాలైన ఒక స్త్రీవాద కార్యకర్త. "అక్కడ ఆడపిల్ల ఏడుస్తూ ఉంటే నువ్వు కథనరీతులు లెక్కపెడుతున్నావా?" అని ఒకసారి ఆమె నన్ను సూటిగా అడిగింది. ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. రూపాన్ని గురించి మాట్లాడడం విశ్వవిద్యాలయాల నీడపట్టున కూర్చున్నవారి విలాసమేమో అనిపించింది కూడా. అటువంటి విలాసం లేదని నేను అనను. కష్టాన్ని కళ్లారా చూడకుండా తప్పించుకోవడానికి శిల్పం వెనుక దాగే విమర్శకులు మనలో ఉన్నారు.

కాని 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకం నాకు మరొక దారి చూపింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను స్త్రీశక్తి సంఘటన సభ్యులు వారి నోటనే విని, 1986లో ప్రకటించిన పుస్తకం ఇది. ఆ జ్ఞాపకాలన్నింటినీ కలిపి, ఒకే చరిత్రకారుడి గొంతుతో ఒక పద్ధతిగా తిరిగి రాయవచ్చు. వారు అలా చేయలేదు. మాట్లాడిన స్త్రీల మాటలను, వారి నడకలోనే నిలిపారు. ఎవరు మాట్లాడాలి, ఏ భాషలో మాట్లాడాలి అన్నది అక్కడ అలంకారానికి సంబంధించిన విషయం కాదు, న్యాయానికి సంబంధించిన విషయం. గోగు శ్యామల కథలలోని పల్లె తెలంగాణ భాష కూడా అంతే. దానిని 'మాండలికం' అని కొటేషన్లలో పెట్టి, మిగిలిన కథను ప్రామాణిక భాషలో చెబితే, కథలోని మనుషులు తమ కథలోనే అతిథులైపోతారు. ఏడుస్తున్న ఆడపిల్ల ఏ మాటలతో ఏడుస్తున్నదో వినడం కూడా ఆమె పట్ల బాధ్యతే అని నా స్నేహితురాలికి చెప్పాను. ఆమె పూర్తిగా ఒప్పుకోలేదు. ఇప్పటికీ మేము వాదించుకొంటూనే ఉంటాము.

ఒక విషయంలో మాత్రం నేను నన్ను దిద్దుకోవలసి వచ్చింది. స్త్రీ రాసినదంతా ప్రయోగం కాదు, ప్రయోగమంతా గొప్పది కాదు. నా సిద్ధాంతగ్రంథంలో ఒక అధ్యాయం ఉంది. రచయిత్రి అయితే చాలు, కొత్తగా ఉంటే చాలు అన్నట్లుగా కొన్ని బలహీనమైన కథలను అందులో మితిమీరి మెచ్చుకొన్నాను. ఎవరూ పట్టించుకోనివారిని మెచ్చుకోవడం ఉపకారమని అప్పుడు అనుకొన్నాను. ఇప్పుడైతే ఆ అధ్యాయాన్ని తీసివేస్తాను. జాలితో వేసిన మార్కులు ఏ విద్యార్థికీ ఉపకరించవు, రచయిత్రికి మాత్రం ఎలా ఉపకరిస్తాయి?

ఈ మార్గంలో పరిశోధన చేయదలచినవారు మీలో ఉంటే, పని ఎలా ఉంటుందో కూడా తెలిసికొనడం మంచిది. ఎక్కువ కాలం గ్రంథాలయాలలో గడుస్తుంది. 'హిందూ సుందరి', 'గృహలక్ష్మి' వంటి పత్రికల పాత సంచికలు ఒక్కచోట దొరకవు. వేటపాలెం సారస్వత నికేతనంలో కొంత, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలో కొంత, హైదరాబాదులో కొంత వెదకాలి. పుట తిప్పితే అంచు పొడిపొడిగా చేతికి వస్తుంది. కావలసిన కథ ఉన్న పుటే చినిగిపోయి ఉంటుంది, ఇది దాదాపు నియమం. రచయిత పేరును కూడా నమ్మడానికి లేదు. రచయిత్రుల నవలలకు గిరాకీ పెరిగిన 1960, 70 దశాబ్దాలలో కొందరు పురుషులు స్త్రీల పేర్లతో రాశారు. బీనాదేవి అనేది భార్యాభర్తలిద్దరి కలం పేరు. స్త్రీ పేరు కనిపించగానే స్త్రీ రచన అని రాసుకొంటే పరిశోధన అక్కడే తప్పుతుంది.

నేను ప్రారంభించిన నాటికి కంటె ఇప్పుడు ఆధారాలు పెరిగాయి. హైదరాబాదులో 1985లో 'అన్వేషి' పరిశోధన కేంద్రం ఏర్పడింది. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో భారతీయ భాషల రచయిత్రుల రచనలు 1991లో, 1993లో రెండు పెద్ద సంపుటాలుగా ఆంగ్లంలో వెలువడ్డాయి. ముద్దుపళనిని తెలుగు తెలియనివారు కూడా చదవగలిగినది ఆ సంపుటాల వల్లనే. కాకతీయ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన కాత్యాయనీ విద్మహే 'సాహిత్యాకాశంలో సగం' అనే విమర్శగ్రంథానికి 2013లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఒక ఆచార్యురాలు జీవితకాలం చేసిన చదువుకు ఆ గౌరవం దక్కింది. అయితే అధ్యాపక ఉద్యోగాలు తక్కువ, పట్టా తరువాత ఎదురుచూపు ఎక్కువ. ఆ సంగతి దాచి మిమ్మల్ని పిలవడం నాకు ఇష్టం లేదు.

పాఠ్యప్రణాళికలను తయారుచేసే పెద్దలను నేను కోరేది రెండే మార్పులు. రచయిత్రులను 'స్త్రీవాద సాహిత్యం' అనే ఒక్క అధ్యాయంలోనే కూర్చోబెట్టడం మానాలి. అచ్చమాంబ కథానిక అధ్యాయంలో ఉండాలి, రంగాజమ్మ నాటకం అధ్యాయంలో ఉండాలి, ముద్దుపళని కావ్యం అధ్యాయంలో ఉండాలి. రెండవది, ప్రశ్నపత్రాన్ని గురించి. సందేశమేమిటి అనే ప్రశ్న పక్కన, ఈ కథను ఇలాగే ఎందుకు చెప్పారు అనే ప్రశ్న ఒకటి ఉండాలి. దీనికి బట్టీపట్టిన జవాబు పనికిరాదని, మూల్యాంకనం కష్టమవుతుందని కొందరు సహోద్యోగులు అంటారు. కష్టమే. వెనుక బల్ల అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఏ జవాబుపత్రంలోనూ చోటు లేకపోవడం నాకు అంతకంటె కష్టంగా ఉంది.

గత సంవత్సరం ఒక విద్యార్థిని తన నాయనమ్మ పద్దుల పుస్తకాన్ని గురించి చెప్పింది. పాలలెక్కలు, చాకలిపద్దుల మధ్య నాయనమ్మ ఏవేవో రాసుకొన్నదట. పాటలా అంటే పూర్తిగా పాటలు కావు, ఉత్తరాలా అంటే ఎవరికీ పంపలేదు. వాటిని విడిగా మంచి కాగితం మీద ఎత్తి రాసి తెమ్మంటారా అని అడిగింది. ఎత్తి రాయవద్దు, పుస్తకాన్నే తీసుకొని రమ్మన్నాను. లెక్కలతో సహా చూడాలి కదా! తెచ్చింది. శనివారం మధ్యాహ్నాలు తరగతులు అయిపోయిన తరువాత మేమిద్దరం కూర్చొని దానిని చదువుతున్నాము. కొన్నిచోట్ల పాల లెక్క ఎక్కడ ఆగిందో, ఆమె మాట ఎక్కడ మొదలైందో ఇంకా తేలలేదు.